మైదానము నుండి శాసనసభకు, శాసనసభ నుండి సమరభూమికి

ఆటగాడు రాజకీయములలో ప్రవేశించినాడనగానే మన విద్యార్థులకు కొంత నవ్వు, కొంత అనుమానము కలుగుట సహజము. మైదానములో సంపాదించిన కీర్తిని ఓట్లుగా మార్చుకొనుటయే గదా అని తలచుచుందురు. అట్టివారు లేకపోలేదు. కాని ఆటలో కన్నులార చూచిన అన్యాయమును మరువక వెంట తీసికొని శాసనసభకు పోయినవారు, పదిమందికి చెప్పిన మాటకు తమ ప్రాణమునే పూచీ పెట్టినవారు అరుదు. అట్టి ఒకనిని గూర్చి ఈ సంచికలో వ్రాయదలచినాము. అతని పేరు ఎడ్వర్డ్ రెన్నిక్స్ లార్కిన్. మిత్రులకు టెడ్ లార్కిన్. దేశము ఆస్ట్రేలియా. దూరదేశపు ఆటగాని కథ మన కళాశాల పత్రికలో ఏల అని పాఠకులు అడుగవచ్చును. కథ సాగినకొలది అది అంత దూరపు కథ కాదని తోచగలదని మా నమ్మకము.

లార్కిన్ 1880వ సంవత్సరమున న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములోని నార్త్ ల్యాంబ్టన్ అను చోట జన్మించినాడు. అది బొగ్గుగనుల ప్రాంతము. అతని పసితనముననే కుటుంబము సిడ్నీ నగరములోని క్యాంపర్‌డౌన్‌కు తరలివచ్చినది. కార్మికులు, చిన్న జీతగాండ్రు నివసించు పేట అది. లార్కిన్ కుటుంబీకులు కాథలిక్కులు. ఆనాటి ఆస్ట్రేలియాలో కాథలిక్కులు అల్పసంఖ్యాకులు. ఇంచుమించు నలుగురిలో ఒకరు. వారిలో అధికులు ఐర్లండ్ నుండి పోయి స్థిరపడిన బీదవారి సంతతి.

ఇక్కడ మన పాఠకులు, ముఖ్యముగా మన కళాశాల పాలకవర్గమువారు, గమనింపదగిన విషయము ఒకటి కలదు. లార్కిన్ పుట్టిన 1880లోనే న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వము ఒక విద్యాశాసనము చేసినది. దాని ఫలితముగా మతసంస్థలు నడుపు పాఠశాలలకు సర్కారు ఇచ్చుచున్న సహాయము 1882 చివరతో నిలిచిపోయినది. కాథలిక్కులు తమ బడులను మూసివేయలేదు. కూలి డబ్బులలో నుండి పెన్నీలు కూడబెట్టి, జీతము కోరని మతసోదరులను ఉపాధ్యాయులుగా నిలుపుకొని, వాటిని నడిపించుకొన్నారు. అట్టి బడులలోనే, మొదట బ్రాడ్‌వేలోని సెయింట్ బెనెడిక్ట్ పాఠశాలలో, తరువాత హంటర్స్ హిల్‌లోని సెయింట్ జోసెఫ్ కళాశాలలో, లార్కిన్ చదివినాడు. చదువుతోపాటు క్రికెట్, రగ్బీ అక్కడనే అలవడినవి. తన సమాజము తన చేతులతో నిలుపుకొన్న విద్యాసంస్థలకు తాను ఋణపడియున్నానన్న భావము అతనిని విడువలేదని మేము తలంచుచున్నాము; తరువాతి కథ దానికి సాక్ష్యము.

చదువు ముగిసిన పిమ్మట కొంతకాలము పత్రికారచనలో పనిచేసి, 1903లో సిడ్నీ పోలీసు శాఖలో కానిస్టేబులుగా చేరినాడు. ఆ ఏడే వివాహము. భార్య పేరు మే జోసెఫీన్. కాలక్రమమున ఇద్దరు కుమారులు కలిగినారు. బీటు తిరుగు కానిస్టేబులు జీవితములో చెప్పదగిన విశేషములు కొద్ది. కాని లార్కిన్ మంచి వక్త. వాదోపవాద సభలలోను, మద్యపాన నిరోధమునకై పాటుపడు సంఘములలోను అతని కంఠము వినిపించుచుండెడిది.

ఆటలో మాత్రము 1903 అతనికి మహత్తర వత్సరము. న్యూటౌన్‌లోని ఎండెవర్ జట్టుకు నాయకుడై, రాష్ట్రజట్టులో స్థానము పొంది, ఆగస్టు 15న సిడ్నీ క్రికెట్ మైదానములో న్యూజిలాండ్‌పై ఆస్ట్రేలియా పక్షమున ఆడినాడు. ఆ రెండు దేశముల నడుమ జరిగిన మొట్టమొదటి రగ్బీ టెస్టు అదియే. ఆస్ట్రేలియా 3కు 22 పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడినది. లార్కిన్ మరి టెస్టు ఆడలేదు. ఆటగానిగా అతని అంతర్జాతీయ జీవితము ఒక్క మధ్యాహ్నముతో ముగిసినది. అతని పేరు చరిత్రలో నిలుచుటకు కారణము ఆడిన ఆట కాదు, ఆడువారికొరకు చేసిన పని.

ఆ పని అర్థమగుటకు రగ్బీని గూర్చి కొంత చెప్పవలెను. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగెత్తుట, ఎదిరిపక్షమువారు వానిని పట్టి పడవేయుట ఇందులోని ముఖ్య వ్యాపారము. కబడ్డీ చూచిన కన్నులకు ఆ పట్టు, ఆ త్రోపులాట పరాయివిగా తోచవు. దెబ్బలు తగులని ఆట ఉండదు. ఇంగ్లండులో ఈ ఆటను ధనికుల పాఠశాలలు పెంచి పోషించినవి. ఆటకు డబ్బు తీసికొనరాదని వారి నియమము. వినుటకు ఎంతో ఉదాత్తమైన నియమము! కాని ఉత్తర ఇంగ్లండులో గనులలో, మిల్లులలో పనిచేయువారు శనివారము ఆటకు పోయినచో ఆ పూట కూలి పోయెడిది. ఆ పోయిన కూలినైనను చెల్లింపుడని అడిగినవారికి నిరాకరణమే ఎదురైనది. తత్ఫలితముగా 1895 ఆగస్టులో హడర్స్‌ఫీల్డ్‌లో ఉత్తరాది జట్లు సమావేశమై వేరుపడినవి. అట్లు పుట్టిన ఆటయే పదుమూడుగురు ఆడునట్టి రగ్బీ లీగ్. పదునైదుగురు ఆడు పాత ఆటకు రగ్బీ యూనియన్ అని పేరు.

సిడ్నీలోను ఇదే గాథ. అక్కడ యూనియన్ పోటీలకు వేలకొలది జనము వచ్చి టిక్కెట్లు కొనుచుండిరి. ఆ ధనము యూనియన్ ఖజానాకు చేరుచుండెడిది. 1907లో అలెక్ బర్డన్ అను ఆటగాడు రాష్ట్రజట్టు పక్షమున ఆడుచు తీవ్రముగా గాయపడినాడు. అతని వృత్తి క్షౌరము. చేయి లేవనిదే కత్తెర ఆడదు, కత్తెర ఆడనిదే కుటుంబము గడవదు. యూనియన్ పరిహారము చెల్లింపలేదు. ఈ సంగతి ఆటగాండ్ర మనస్సులలో అగ్గివలె రగిలినది. ప్రఖ్యాత క్రికెట్ వీరుడు విక్టర్ ట్రంపర్, వ్యాపారి జేమ్స్ గిల్టినన్, రాజకీయనాయకుడు హెన్రీ హోయిల్ మొదలగువారు పూనుకొని 1907 ఆగస్టులో న్యూ సౌత్ వేల్స్ రగ్బీ లీగ్‌ను స్థాపించినారు.

బర్డన్ కథ చదివినప్పుడు మాకు మా కన్నుల ఎదుట జరిగినదొకటి జ్ఞప్తికి వచ్చినది. కొన్నేండ్ల క్రిందట ఒక అంతర్ కళాశాలల పోటీకి విద్యార్థుల వెంట పోయినాము. కబడ్డీలో ఒక పిల్లవానికి భుజము దగ్గర ఎముక విరిగినది. వాడు దర్జీ కుమారుడు. పగలు తరగతులు, సాయంకాలము తండ్రి దుకాణములో కుట్టుపని. నిర్వాహకులు గాయమునకు కట్టు కట్టించి, తరువాతి బాధ్యత తమది కాదన్నారు. తోటి పిల్లలు తలా ఇంత వేసికొని వైద్యము చేయించినారు గాని, ఆరు వారములు మిషను మ్రోగని ఇంటిలో పొయ్యి ఎట్లు మండినదో మేము అడుగలేదు. అడుగవలసియుండెను. ఆ పోటీలో గెలిచిన జట్టుకు ఇచ్చిన కప్పు మాత్రము చాల పెద్దది.

లీగ్ మొదటి రెండేండ్లు గండములతో గడిచినవి. 1908లో తొమ్మిది జట్లతో పోటీలు ఆరంభమైనవి. ఆ ఏటనే గిల్టినన్ ఒక జట్టును ఇంగ్లండుకు తీసికొనిపోయి, నష్టములలో మునిగి దివాలా తీసినాడు. డబ్బు లెక్కలపై తగవులు రేగి 1909లో స్థాపకులు ముగ్గురును పదవులనుండి తొలగింపబడినారు. యూనియన్ వారు దూరమునుండి చూచి నవ్వుచున్నారు. అట్టి సమయమున, 1909లో, లీగ్ తన మొదటి పూర్తికాలపు కార్యదర్శిగా ఎన్నుకొన్నది ఎవరిని? కానిస్టేబులు లార్కిన్‌ను. నెల తిరుగగానే జీతము చేతికందు సర్కారు నౌకరీని వదలి, రేపు ఉండునో లేదో తెలియని సంస్థలో అతడు చేరినాడు. ఇంటిలో భార్య, బిడ్డలు ఉన్నవానికి ఇది చిన్న సాహసము కాదు.

కార్యదర్శి పని అనగా ఏమి? మైదానము మాట్లాడుట, పోటీల పట్టిక వేయుట, టిక్కెట్ల డబ్బు లెక్కించుట, జట్ల తగవులు తీర్చుట. చప్పట్లు లేని పని. సంస్థలు బ్రదుకునది ఇట్టి పనుల వల్లనే అని కళాశాల కమిటీలలో పనిచేసినవారికి మేము చెప్పనక్కరలేదు. 1909 సెప్టెంబరులో జేమ్స్ జాయింటన్ స్మిత్ అను ధనికుని ఆర్థిక సహాయముతో యూనియన్ జాతీయజట్టులోని ప్రముఖులు పెక్కుమంది లీగ్ పక్షమునకు వచ్చినారు. 1910లో బ్రిటిష్ జట్టు తొలిసారి ఆస్ట్రేలియాకు వచ్చినది. మైదానములు క్రిక్కిరిసినవి. 1911-12లో క్రిస్ మెకివట్ నాయకత్వమున ఇంగ్లండుకు పోయిన జట్టు టెస్టులలో ఒక్కటియు ఓడక విజయముతో తిరిగివచ్చినది. నాలుగేండ్లలో సిడ్నీ ప్రజల ఆట ఏదనిన లీగ్ అనునంతటి మార్పు వచ్చినది.

ఈ వైభవమంతయు లార్కిన్ ఒక్కని చలువ అని మేము అనజాలము. డబ్బు పెట్టినవారు వేరు, మైదానములో చెమటోడ్చినవారు వేరు. కాని అతడు చేసిన ఒక పని మాత్రము మరొకరికి సాధ్యమయ్యెడిది కాదు. తాను చదివిన మతసోదరుల పాఠశాలలకు పోయి, పిల్లలకు ఈ కొత్త ఆటను నేర్పుడని వారిని ఒప్పించినాడు. పేరున్న పాఠశాలలన్నియు యూనియన్‌ను అంటిపెట్టుకొనియున్న కాలమది. డబ్బు తీసికొని ఆడువారు నీతిమాలినవారని పెద్దమనుషుల నోట ప్రచారము. ఆ నిందను తొలగించుటకు అతని నడవడియే అతనికి ఉపకరించినది. త్రాగడు, మాట తప్పడు, లెక్క తప్పడు. కాథలిక్ బడుల పిల్లలు లీగ్ ఆడసాగినారు. అల్పసంఖ్యాకుల, కార్మికుల ఆటగా లీగ్‌కు ఆ నేలలో వేళ్ళు దిగినది అప్పుడే. ఒక తరము పెద్దలను గెలుచుటకంటె ఒక తరము పిల్లలను గెలుచుట మేలని ఆ కార్యదర్శి ఎరిగియుండెను.

1913 డిసెంబరులో జరిగిన రాష్ట్ర ఎన్నికలలో లేబర్ పార్టీ లార్కిన్‌ను విల్లోబీ స్థానమునకు నిలిపినది. సిడ్నీ రేవునకు ఉత్తరపు ఒడ్డున ఉన్న నియోజకవర్గమది. నేడు ప్రపంచప్రసిద్ధమైన వంతెన అప్పటికి లేదు. అది 1932లో గాని తెరవబడలేదు. పడవలు దాటి ఇండ్లకు పోవు ఆ ఉత్తరపు ఒడ్డు సంపన్నుల, సంప్రదాయవాదుల కోట. అంతకుముందు ఆ ఒడ్డున లేబర్ అభ్యర్థి ఎవ్వరును గెలువలేదు. లార్కిన్ గెలిచినాడు.

ఈ గెలుపు వెనుక ఒక చిన్న చట్టమున్నది. న్యూ సౌత్ వేల్స్‌లో 1889 వరకు శాసనసభ్యులకు జీతము లేదు. ప్రజాసేవకు డబ్బు తీసికొనుట గౌరవము కాదని పెద్దలు వాదించెడివారు. 1889లో ఏటికి 300 పౌన్ల వేతనము ఏర్పాటైనది. రెండేండ్లలో, 1891 ఎన్నికలలో, లేబర్ పక్షమున 35 మంది సభలో అడుగుపెట్టినారు. అంతవరకు కార్మికులకు తెలివి లేకపోలేదు. ఆస్తి లేనివాడు పనిదినము పోగొట్టుకొని సభలో కూర్చుండగల వీలు లేదు, అంతే. ఆటకు డబ్బు తీసికొనరాదన్న నియమమునకును, ప్రజాసేవకు డబ్బు తీసికొనరాదన్న నియమమునకును లోపలి మర్మము ఒక్కటియే అని వేరుగ చెప్పవలెనా? మైదానములో ఆ గోడను పగులగొట్టినవారిలో ఒకడైన లార్కిన్, పగిలిన మరొక గోడ దారిని సభలోనికి పోయినాడు.

సభ్యుడైన ఎనిమిది నెలలకు, 1914 ఆగస్టు 4న, బ్రిటన్ జర్మనీపై యుద్ధము ప్రకటించినది. ఆస్ట్రేలియా వెనువెంటనే బ్రిటన్ వెంట నిలిచినది. ఊరూర సభలు జరిపి యువకులను సైన్యములో చేరుడని ప్రోత్సహించుట నాయకుల వంతు. లార్కిన్ వయస్సు 34. సభ్యత్వమున్నది, సంసారమున్నది. వేదికనెక్కి ఉపన్యసించి ఇంటికి పోయియుండినచో ఎవ్వరును తప్పుపట్టియుండరు. తాను చేరక ఇతరులను చేరుడని చెప్పుట తనవల్ల కాదని తెలిపి, ఆ ఆగస్టు మాసముననే ఒకటవ బెటాలియన్‌లో చేరినాడు. అతని హోదా సార్జంటు. సభ్యత్వము అట్లే ఉండెను.

ఆస్ట్రేలియా సైన్యపు తొలి నౌకాసమూహము 1914 నవంబరు 1న ఆల్బనీ రేవునుండి బయలుదేరినది. ఈ ప్రయాణములో మన తెలుగువారి పెద్దల జ్ఞాపకములను తాకు ఘట్టమొకటి ఉన్నది. ఆ సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అను జర్మన్ యుద్ధనౌక మద్రాసుపై గుండ్లు కురిపించి చమురు తొట్లను తగులబెట్టగా, నగరవాసులు భయపడి పల్లెలకు పరుగులు తీసినారు. మద్రాసు అప్పటికి మన ఆంధ్ర జిల్లాలకును రాజధానియే గదా! ఆ ఎండెన్‌ను నవంబరు 9న కోకోస్ దీవులవద్ద పట్టి నాశనము చేసినది ఈ నౌకాసమూహమునకు కాపుగా వచ్చుచున్న సిడ్నీ అను ఆస్ట్రేలియా యుద్ధనౌక. ఆ శీతకాలమున ఆస్ట్రేలియా సైనికులు ఈజిప్టులో పిరమిడ్ల చెంత మీనా శిబిరములో కవాతు చేయుచుండగా, మన హైదరాబాదు సంస్థానపు అశ్వదళము అదే దేశములో సూయజ్ కాలువకు కాపుగా నిలిచియుండెను.

1915 ఏప్రిల్ 25 తెల్లవారుజామున తుర్కీ దేశపు గల్లిపోలి ద్వీపకల్పమున సేనలు దిగినవి. ఒకటవ బెటాలియన్ పగలు ఒడ్డు చేరినది. ఎదుట నిటారు కొండలు, ముండ్లపొదలు, లోయలు. పైన తుర్కీ సైనికులు. దళములు చెల్లాచెదరైనవి. పైన్ రిడ్జ్ అను గుట్టపై లార్కిన్ తూటాలకు కూలినాడు. క్షతగాత్రులను మోయువారు తనవద్దకు రాగా, తనకంటె ఎక్కువ బాధలో ఉన్నవారు ముందున్నారు, వారిని తీసికొనిపొండని పంపివేసెనని తోటి సైనికుల కథనము. తిరిగి వచ్చునప్పటికి ప్రాణము పోయినది. యుద్ధభూమిలో అతడు గడిపినది ఒక్క దినమైనను నిండలేదు. అతని సోదరుడు మార్టిన్ కూడ ఆ దండయాత్రలోనే మరణించినాడు.

ఇక్కడ మా కలము కొంతసేపు ఆగినది. ఆ కొండపై నిలిచి కాల్చినవాడు ఎవడు? అనటోలియా పల్లెనుండి వచ్చిన ఒక రైతుబిడ్డ. తన దేశపు ఒడ్డును తాను కాచుకొనుచున్నాడు. ముస్తఫా కమాల్ ఆనాడు నడిపించిన 57వ రెజిమెంటువారు అక్కడనే వందలుగా నేలకొరిగినారు. ఎనిమిది నెలల ఆ పోరులో ఆస్ట్రేలియావారు ఎనిమిది వేలకు పైగా, తుర్కులు 80 వేలకు పైగా మరణించినారు. ఆస్ట్రేలియావారితోపాటు అదే దినమున అదే ఒడ్డున దిగిన భారతీయ పర్వత ఫిరంగిదళములలో పంజాబు ముస్లిములు, సిక్కులు ఉండిరి. ఎదుట తమ ఖలీఫా సేన, వెనుక తమకు జీతమిచ్చు సర్కారు. 1914లో మన నిజాము బ్రిటిష్‌వారి పక్షమున నిలువుడని ముస్లిములకు ఫర్మానా ఇచ్చినాడు. నాలుగైదేండ్లు గడువకమునుపే ఖిలాఫత్ ఉద్యమము దేశమంతట వెల్లువెత్తినది. మా తాతల తరమువారు ఆ రెండింటి నడుమ నలిగినవారే.

కనుక లార్కిన్ మరణమును కేవల వీరగాథగా వ్రాయుటకు మా మనస్సు ఒప్పుకొనలేదు. తనకు ఏ అపకారమును చేయని జనుల నేలపైకి ఆయుధముతో పోయినాడు. కార్మికుని హక్కు ఎరిగినవాడు, ఆ పరదేశపు రైతుబిడ్డ హక్కును గూర్చి ఆలోచించెనో లేదో! సామ్రాజ్యపు పిలుపు ఆలోచనకు వ్యవధి ఇచ్చునది కాదు. అయినను, ఇతరులను పంపి తాను ఇంట కూర్చుండుట న్యాయము కాదన్న అతని పట్టుదలను కాదనజాలము. ఈ రెండు మాటలును ఒక్క మనుష్యునిలోనే ఇమిడియున్నవి. ఒకదానికై రెండవదానిని దాచుట చరిత్ర వ్రాయువారి పని కాదు.

అతని అనంతరము సిడ్నీలో యూనియన్ పోటీలు యుద్ధము ముగియువరకు నిలిపివేయబడినవి. లీగ్ మాత్రము తన పోటీలను కొనసాగించి, దేశభక్తి లేనివారను నిందను మోసినది. సైన్యములో చేరి మరణించినది ఆ లీగ్‌కు నాలుగేండ్లు కార్యదర్శిగా పనిచేసినవాడని నిందించినవారికి తెలియకపోలేదు. యుద్ధానంతరము సిడ్నీలో లీగ్‌కు ఎదురులేకపోయినది. మే జోసెఫీన్ ఇద్దరు కుమారులతో మిగిలినది.

గల్లిపోలిలో మరణించిన న్యూ సౌత్ వేల్స్ శాసనసభ్యులు ఇద్దరు. రెండవవాడు ఆర్మిడేల్ సభ్యుడు, లెఫ్టినెంట్ కర్నల్ జార్జ్ బ్రాండ్. అతనికి చెవుడు కొంత ఉండెను. మే 4వ తేదీ చీకటిలో తన పక్షపు కాపలా సైనికుడు ఎవరని కేక వేయగా వినబడక, ఆ తూటాకే బలియైనాడు. ఒకరు లేబర్, ఒకరు ఎదిరిపక్షము. సభలో ఎదురెదురు వరుసలలో కూర్చుండినవారు. వారిద్దరి పేర్లతో ఒకే స్మారక ఫలకమును 1915 నవంబరులో శాసనసభామందిరములో ఆవిష్కరించినారు. అప్పటికి గల్లిపోలి పోరు ఇంకను ముగియలేదు. ఫలకము గోడకెక్కిన నెల దినములకు, డిసెంబరు 20 తెల్లవారుజామున, లార్కిన్ దిగిన ఆ ఒడ్డునుండి ఆస్ట్రేలియా సైనికులలో చివరివారు చప్పుడు కాకుండ పడవలెక్కి వెనుదిరిగినారు. పైన్ రిడ్జ్ చివరివరకును తుర్కుల అధీనముననే ఉండెను. దానికి అల్లంతదూరమున నున్న లోన్ పైన్ స్మారకచిహ్నపు రాతిపై, వేల పేర్ల నడుమ, లార్కిన్ పేరును చెక్కబడియున్నది.